చేరని ఉత్తరం, పెరిగిన బాకీ

(స్మారకోపన్యాస పాఠం)



సుబేదారు గారి పేరు మీద నన్ను మాట్లాడమన్నారు. ఆయన గురించి మీకు నేను చెప్పాల్సింది తక్కువ. రిటైరై ఊరికి వచ్చాక సైనికుల ఇళ్లకు వచ్చే కాగితాలు చదివిపెట్టడమే పనిగా పెట్టుకున్న మనిషి. బ్యాంకు నోటీసు, చిట్టీ కంపెనీ నోటీసు, కోర్టు సమను, సొసైటీ తాకీదు, ఏదైనా సరే, ముందు కవరు మీది పోస్టు ముద్ర చూసేవారు. తర్వాత లోపలి కాగితం మీద తేదీ. ఆ తర్వాత, అది ఎవరి చేతికి ఏ రోజు అందిందని అడిగేవారు. మూడు తేదీలూ మార్జిన్‌లో పెన్సిలుతో రాసేవారు. నేను కొత్తగా లాయరునై బార్‌లో చేరిన రోజుల్లో ఆయన నా దగ్గరికి పంపిన ప్రతి ఫైలు మీదా ఆ పెన్సిలు రాత ఉండేది. బాకీ ఎంత అన్నది ఆయన అన్నిటికన్నా చివర్న చూసేవారు. అలా ఎందుకు చూసేవారో నాకు బాగా తెలిసింది ఇక్కడ కాదు, ఇంగ్లండులో, అప్పుల్లో చిక్కుకున్నవాళ్లకు ఉచిత సలహా ఇచ్చే ఒక కేంద్రంలో పనిచేసిన కాలంలో.

ఇవాళ నేను ఎత్తుకున్నది వినడానికి చిల్లర సంగతిలా ఉంటుంది. బ్రిటన్‌లో ప్రైవేటు పార్కింగ్ స్థలాల్లో పడే చార్జీలు, అవి అక్కడి సైనికుల నెత్తిన అప్పులుగా మారే తీరు. పెన్షన్ గురించో కార్గిల్ గురించో వినాలని వచ్చినవాళ్లు కాస్త ఓపిక పట్టండి. ఇది మన మిలటరీ మాధవరం కుర్రాడి దాకా రాకపోదు.

హైదరాబాదులో మాల్‌కు వెళితే గేటు దగ్గర మనిషి ఉంటాడు. చీటీ ఇస్తాడు, వెళ్లేటప్పుడు డబ్బులడుగుతాడు. మొదటి అరగంటకు తీసుకోకూడదని 2018లో తెలంగాణ ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది కనక వాచీ చూపించి వాదించేవాళ్లూ ఉంటారు. వాదించినా, తిట్టుకున్నా, ఎందుకొచ్చిన గొడవని యాభై ఇచ్చి పోయినా, వ్యవహారం అక్కడితో సరి. ఇంగ్లండులో చాలాచోట్ల ఆ మనిషి లేడు. స్తంభానికి కెమెరా ఉంటుంది. బండి లోపలికి వచ్చినప్పుడొకసారి, బయటికి పోయినప్పుడొకసారి నంబరు ప్లేటు ఫొటో తీస్తుంది. తక్కిన సంగతులన్నీ పోస్టులో వస్తాయి.

2012 దాకా అక్కడ ప్రైవేటు జాగాలో తప్పుగా నిలిపిన బండి చక్రానికి ఇనప పట్టీ బిగించి తాళం వేసేవాళ్లు. డబ్బు కడితేగాని విప్పరు. జనం గగ్గోలు పెట్టగా ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి ఇంగ్లండు, వేల్స్‌లలో దాన్ని నిషేధించారు. నిషేధించిన చట్టమే కంపెనీలకు ఇంకోవైపు దారి తెరిచింది. నడిపినవాడెవరో తెలియకపోతే, గడువులోగా నోటీసు పంపి, రిజిస్ట్రేషన్ ఎవరి పేరున ఉందో అతని దగ్గర వసూలు చేసుకోవచ్చు. ఆ పేరూ చిరునామా ఇచ్చేది డీవీఎల్ఏ, మన ఆర్టీఏ లాంటి సంస్థ. ఒక్కో వివరానికి రెండున్నర పౌండ్లు. కంపెనీలు ఏటా కొనే వివరాలు ఇప్పుడు కోటి దాటాయి. తాళం పోయింది, ఉత్తరం వచ్చింది. సైనికుడి వరకూ నన్నడిగితే ఆ తాళమే నయం. బండి కదలకపోతే గొడవేదో ఉందని వాడికి అప్పటికప్పుడే తెలిసేది.

ఇది మునిసిపాలిటీ వేసే ఫైను కాదు. ఒప్పందం కింద అడిగే డబ్బు. బోర్డు చూసి లోపలికి వచ్చావు కనక షరతులు ఒప్పుకున్నట్టేనని కంపెనీ వాదన. వేయించిన చేపల దుకాణం నడిపే బారీ బీవిస్ దీన్ని సుప్రీంకోర్టు దాకా లాగాడు. చెల్మ్స్‌ఫర్డ్‌లో రెండు గంటలు ఉచితమన్న చోట అతని కారు 56 నిమిషాలు ఎక్కువ ఉంది, 85 పౌండ్లు అడిగారు. మీకు పైసా నష్టం లేదు, ఇది శిక్ష, చెల్లదు అన్నాడు. 2015 నవంబరు 4న ఏడుగురు జడ్జీల్లో ఆరుగురు కంపెనీ పక్షాన తీర్పిచ్చారు. బండ్లు వచ్చిపోతూ ఉండాలంటే ఆ మాత్రం భయం ఉండాలి, అది న్యాయమైన ప్రయోజనమే అన్నారు. అందులో పస లేదని నేననను. ఆస్పత్రి ఆవరణలో పొద్దున్నే బండి పెట్టి ఊరెళ్లిపోయేవాళ్లు ఏ దేశంలోనైనా ఉంటారు. బాకీ పడ్డవాడు కట్టాలి, ఒంటి మీద యూనిఫారం ఉన్నా సరే. నా పేచీ దానితో కాదు. బీవిస్‌కు ఉత్తరం అందింది. అతను కాదన్నాడు, పోట్లాడాడు, ఓడిపోయాడు. అందనివాడి సంగతి వేరు.

ఒక కార్పొరల్ గురించి చెబుతాను. ఇతను ఒక్క మనిషి కాదు, నేను చూసిన చాలా ఫైళ్లు కలిపి కట్టిన మనిషి. యార్క్‌షైర్‌లోని కాటరిక్ గారిసన్‌లో, ప్రభుత్వ క్వార్టర్లో కాపురం. శనివారం కూతురికి బూట్లు కొనడానికి పక్క ఊరు వెళ్లాడు. పిల్ల ఏ జతా నచ్చదంది, బయటపడేసరికి ఆలస్యమైంది. ఆ మర్నాటి నుంచే సామాను సర్దడం, ఎందుకంటే సైప్రస్‌కు పోస్టింగ్ వచ్చి ఉంది. క్వార్టర్ తాళాలు అప్పగించాడు, కారు మామగారింట్లో పెట్టాడు. బండి పుస్తకంలో చిరునామా మార్చాలని అతనికి తెలుసు. మార్చకపోతే వెయ్యి పౌండ్ల దాకా ఫైను వేయొచ్చనీ తెలుసు. సవాలక్ష పనుల్లో అదొక్కటి జారిపోయింది.

వంద పౌండ్ల చార్జీ. పధ్నాలుగు రోజుల్లో కడితే అరవై. ఆ కాగితం ఖాళీ క్వార్టర్ తలుపు సందులోంచి లోపలికి పడింది. దాని మీద గుర్తుచేసే కాగితం. దాని మీద వసూళ్ల ఏజెన్సీది, ఎర్ర అక్షరాల్లో, మరో డెబ్బై కలిపి 170. దాని మీద దావాకు ముందు నోటీసు, జవాబుకు ముప్ఫై రోజులు. చివరకు నార్తాంప్టన్ నుంచి దావా కాగితం. దేశంలోని ఇలాంటి దావాలన్నీ గుట్టలుగా వచ్చిపడే కేంద్రం అది. కోర్టు ఫీజు 35, లాయరు ఖర్చు 50, పైన వడ్డీ, మొత్తం 250 దాటింది. దావా జారీ చేసిన అయిదో రోజుకు కాగితం చేరినట్టే లెక్క. అక్కణ్ణుంచి పధ్నాలుగు రోజుల్లో జవాబు రాకపోతే కంపెనీ డిక్రీ అడుగుతుంది, ఇస్తారు. దానికి జడ్జి ఫైలు తెరవనక్కర్లేదు. మన దగ్గర ఎక్స్‌పార్టీ అంటామే, అదే. అయితే మన జిల్లా కోర్టులో బంట్రోతు కనీసం గుమ్మం దగ్గర నిలబడి మూడుసార్లు పేరు పెట్టి అరుస్తాడు.

అక్కడ ఆ డిక్రీని సీసీజే అంటారు. నెల లోపల మొత్తం కట్టేస్తే రిజిస్టరులోంచి పేరు తీసేస్తారు. లేదంటే ఆరేళ్లు ఉంటుంది. మన కార్పొరల్‌కు నెల సంగతీ తెలియదు, ఆరేళ్ల సంగతీ తెలియదు. సైప్రస్ నుంచి వచ్చాక ఇల్లు కొనుక్కుందామనుకున్నాడు. సైనికులకు ఏడాది జీతంలో సగం దాకా, 25 వేల పౌండ్లు మించకుండా, వడ్డీ లేకుండా అప్పిచ్చే పథకం 2014 నుంచి ఉంది. దాన్ని చూసుకుని ధైర్యంగా బ్యాంకుకు వెళ్లాడు. బ్యాంకు క్రెడిట్ రిపోర్టు తీసి కుదరదంది. తన మీద దావా పడిందనీ, డిక్రీ అయిందనీ అతను మొదటిసారి విన్నది ఆ బ్యాంకు కౌంటర్లో. డిక్రీ కొట్టేయించుకోవడానికి దరఖాస్తు ఉంది, దాని ఫీజు ఇప్పుడు 300 పౌండ్లు దాటింది. అరవైతో పోయేదానికి అదీ లెక్క.

అవతలివాడు పాత ఇంట్లో లేడని అనుమానించే కారణం ఉంటే కొత్త చిరునామా కోసం వాకబు చేయాలని అక్కడి సివిల్ నియమాల్లో ఉంది. సైనికుడికి కోర్టు కాగితం ఎలా అందించాలో చెప్పే సూచనలు కూడా ఆ నియమాల అనుబంధంలో ఉన్నాయి. అవి పనికి రావాలంటే అవతలివాడు సైనికుడని ముందు తెలియాలి కదా. కెమెరాకు తెలియదు. తెలుసుకుని రమ్మని కంపెనీని ఎవరూ అడగరు.

ఇంతవరకూ అయితే ఇది ఇల్లు మారిన ఏ నర్సుకైనా, లారీ డ్రైవరుకైనా జరిగేదే. సైన్యంలో ఇంకో మెట్టుంది. రహస్య కాగితాలు, ఆయుధాల లెక్కలు చేతిలో ఉండే ఉద్యోగాలకు భద్రతా తనిఖీ చేస్తారు, అందులో అప్పుల చరిత్ర తీస్తారు. అప్పుల్లో పీకల దాకా మునిగినవాణ్ణి ఎవడైనా కొనగలడని వాళ్ల భయం, అది కాదనలేనిదే. ఒక్క సీసీజే ఉన్నంత మాత్రాన ఉద్యోగం పోదు. తనిఖీ చేసేవాళ్లు అప్పు ఎంతుందని ఎంత చూస్తారో, దాచాడా అని అంత చూస్తారు. చిక్కంతా ఇక్కడే. తనకే తెలియని బాకీని వాడు ఫారంలో ఎలా రాస్తాడు? రాయనిది దాచినట్టే కనబడుతుంది.

తెలిసినవాళ్లు చెబుతారా అంటే వాళ్లూ చెప్పరు. ఒక సార్జెంటు మా కేంద్రానికి కవర్లన్నీ సూపర్ మార్కెట్ సంచిలో వేసి తెచ్చాడు. ఒక్కటీ విప్పలేదు. బల్ల మీద కుమ్మరించి, తలుపు వేసి ఉందో లేదో వెనక్కి తిరిగి చూసుకుని, ‘ఇది మా పై అధికారికి తెలుస్తుందా?’ అన్నాడు. ఎంత కట్టాలని అడగలేదు. నేనూ అతనూ కలిసి పోస్టు ముద్రల వరసన కవర్లు పేర్చాం. సగానికి పైగా ఒకే బాకీ తాలూకువి, పేర్లు మార్చుకుని వచ్చినవి. ఓ గంట గడిచాక అసలు మొత్తం ఎంతో తేలింది. అది అతను ఊహించుకున్న దాంట్లో నాలుగో వంతు కూడా లేదు. ఎదురుగా వచ్చే ప్రమాదాన్ని చూసి బెదరని మనిషి కవరు విప్పడానికి బెదరడం చూసేవాళ్లకు వింతగా ఉంటుంది. బయట మనలాంటివాళ్లకు అప్పంటే అప్పులవాడితోనే గొడవ. సైనికుడికి ప్రమోషన్ ఇచ్చే చేయీ, అప్పు గురించి చివాట్లు పెట్టే నోరూ ఒక్కరివే. 1885 నుంచి సైనిక కుటుంబాలకు ఆసరాగా ఉన్న సాఫా ఉంది, రాయల్ బ్రిటిష్ లీజియన్ ఉంది, జీతంలోంచే పొదుపు కోసుకునే క్రెడిట్ యూనియన్ల ఏర్పాటు 2015లో వచ్చింది. వీటిలో అడుగు పెట్టినవాళ్లు బాగుపడతారు. అడుగు పెట్టడమే కష్టం.

ఈ భయాన్ని వడ్డీవ్యాపారి మనకన్నా ముందే కనిపెట్టాడు. అమెరికాలో సైనిక స్థావరాల గేట్ల బయట జీతం మీద అప్పులిచ్చే దుకాణాలు ఎంత గుమిగూడి ఉన్నాయో స్టీవెన్ గ్రేవ్స్ అనే భూగోళ శాస్త్రవేత్త, క్రిస్టఫర్ పీటర్సన్ అనే న్యాయశాస్త్ర ఆచార్యుడు 2005లో పటాలు గీసి చూపించారు. సైనికుడి జీతం తేదీ తప్పదు, వాడు ఉద్యోగం వదిలి పారిపోలేడు, ఒక్క ఫోను వాడి కమాండర్‌కు చేస్తామంటే చాలు. ఇంతకన్నా మంచి బేరం ఏ వ్యాపారికి దొరుకుతుంది? ఈ అప్పులు సైన్యం సన్నద్ధతనే తినేస్తున్నాయని 2006లో పెంటగన్ కాంగ్రెస్‌కు నివేదిక ఇచ్చింది. అదే ఏడాది సైనికులకిచ్చే అప్పుల మీద అన్ని చార్జీలతో కలిపి ఏడాదికి 36 శాతం మించకూడదని చట్టం చేశారు. 36 శాతం అంటే మన ఊళ్లో నూటికి మూడు రూపాయల వడ్డీ. దాన్ని గొప్ప రక్షణ అనుకోవాల్సి వచ్చిందంటే అంతకుముందు ఎంత గుంజారో చూసుకోండి.

నాకు వడ్డీ చట్టం కన్నా వాళ్ల ఇంకో చట్టం నచ్చుతుంది. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో జాన్ హెన్రీ విగ్మోర్ అనే న్యాయ పండితుడు రాసిన ముసాయిదా 1918లో చట్టమైంది. 1940లో మళ్లీ తెచ్చారు, 2003లో కొత్తగా రాసుకున్నారు. దాని ప్రకారం ప్రతివాది కోర్టుకు రాలేదని డిక్రీ అడిగేవాడు ముందు అఫిడవిట్ వేయాలి, అతను సైన్యంలో ఉన్నాడా లేడా అని. రక్షణ శాఖ వెబ్‌సైటులో వివరాలు కొట్టి చూస్తే తెలిసిపోతుంది. ఉన్నాడంటే అతని తరఫున కోర్టు లాయర్ని పెట్టాకగాని తీర్పు లేదు. తెలిసి అబద్ధపు అఫిడవిట్ వేస్తే ఏడాది దాకా జైలు. టోయింగ్ కంపెనీ ఎత్తుకుపోయిన బండి సైనికుడిదైతే కోర్టు ఉత్తర్వు లేకుండా అమ్మడానికి లేదు. అలా అమ్మేసిన కంపెనీల మీద అమెరికా న్యాయశాఖ దావాలు వేసింది కూడా. వెతికే భారం వెతికించుకునేవాడి మీద లేదు, డబ్బు కావలసినవాడి మీద ఉంది. నేను ఇంత దూరం తిరిగి చెప్పదలచుకున్నది ఇదొక్కటే. సైనికుడి చిరునామా మార్చేది ప్రభుత్వం. మారిన చిరునామాకు కాగితం అందకపోతే ఆ నష్టం అతని ఖాతాలో రాయడం అన్యాయం.

ఇది అమెరికా బుర్రలోంచే పుట్టిందనుకోకండి. మన దగ్గర 1925 నాటి ఇండియన్ సోల్జర్స్ లిటిగేషన్ యాక్ట్ ఇప్పటికీ అమల్లో ఉంది. ప్రతివాది యుద్ధంలోనో, విదేశంలోనో, అలాంటి ప్రత్యేక పరిస్థితుల్లోనో పనిచేస్తున్న సైనికుడని నమ్మడానికి కారణం ఉంటే దావా వేసేవాడే ఆ మాట ప్లెయింట్‌లో రాయాలి. అతని తరఫున ఎవరూ లేకపోతే కలెక్టరు కలగజేసుకుని కోర్టుకు తెలపవచ్చు. కోర్టు వాయిదా వేయవచ్చు, అయిన డిక్రీని కొట్టేయవచ్చు, లిమిటేషన్ లెక్కలోంచి ఆ కాలాన్ని తీసేయవచ్చు. దీన్ని చేసింది తెల్లదొరల ప్రభుత్వం. మన సిపాయి కోసం అప్పుడు రాసిన రక్షణ ఇవాళ కాటరిక్ కార్పొరల్‌కు లేదు. వాళ్లకు 1951 నాటి చట్టం ఒకటుంది గాని అది పిలుపు మీద వచ్చే రిజర్వు సైనికులను దృష్టిలో పెట్టుకున్నది. ప్రైవేటు పార్కింగ్‌ను అదుపులో పెట్టడానికి 2019లో చట్టం చేశారు, 2022 ఫిబ్రవరిలో నియమావళి వెలువరించారు, కంపెనీలు కోర్టుకెక్కేసరికి జూన్‌లో వెనక్కి తీసుకున్నారు. 2025లో మళ్లీ అభిప్రాయాలు అడిగారు. చర్చ ఎక్కువ భాగం ఎంత వసూలు చేయాలన్న అంకె చుట్టూనే తిరిగింది.

సరే, మన ఇంటికి వద్దాం. మన సివిల్ ప్రొసీజర్ కోడ్ అయిదో ఆర్డర్, 28వ రూలు ప్రకారం సైనికుడికి సమను కమాండింగ్ ఆఫీసర్ ద్వారా పంపాలి. జీతాన్ని జప్తు చేయడానికి లేదు. 1950 నాటి ఆర్మీ యాక్ట్ 29వ సెక్షన్ ప్రకారం సర్వీసులో ఉండగా అప్పు కోసం అరెస్టు చేయడానికి లేదు. కాగితం మీద మనవాడు బ్రిటన్ సైనికుడి కన్నా చాలా నయం. అయితే ఆ సార్జెంటు భయం గుర్తుంది కదా, కమాండింగ్ ఆఫీసర్ చేతుల మీదుగా సమను వస్తే యూనిట్ అంతా తెలిసినట్టే. అందుకని మన కుర్రాళ్లు కొందరు, సమను పుట్టకముందే తీర్చేయాలని ఒక యాప్‌లో అప్పు తీసి ఇంకో యాప్‌కు కడతారు. ఒక బాకీ రెండవుతుంది.

పైగా ఇప్పటి అప్పులవాడు సివిల్ కోర్టు మెట్లు ఎక్కడం మానేశాడు. చెక్కు తీసుకుంటాడు. అది బౌన్సయితే ఊరి చిరునామాకు నోటీసు పంపుతాడు. అందిన నాటి నుంచి పదిహేను రోజుల్లో కట్టాలి. సరైన చిరునామాకు రిజిస్టర్డ్ పోస్టులో పంపితే అందినట్టే భావిస్తారు. ఇది క్రిమినల్ కేసు, దీనికి 29వ సెక్షన్ రక్షణ లేదు. కుర్రాడు లేహ్‌లో ఉంటాడు, నోటీసు తాడేపల్లిగూడెం దగ్గర పల్లెటూళ్లో సంతకం పెట్టి తీసుకుంటారు. లేదా అప్పు కాగితాల్లో చిన్న అక్షరాల్లో ఆర్బిట్రేషన్ క్లాజు ఉంటుంది. అప్పిచ్చినవాడు మధ్యవర్తిని తన ఇష్టప్రకారం తానే పెట్టుకోవడం చెల్లదని 2019లో పెర్కిన్స్ ఈస్ట్‌మన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పినా, ఆ సంగతి తెలిసి అడ్డం తిరిగేవాడికే అది ఉపయోగం. 1925 చట్టం మాట్లాడేది కోర్టుల గురించి. చెన్నైలోనో ముంబైలోనో ఎవరి ఆఫీసు గదిలోనో ఆన్‌లైన్‌లో నడిచే ఆర్బిట్రేషన్‌లో, ప్రతివాది సైనికుడా అని అడిగే గడి ఏ కాగితంలోనూ నాకు కనబడలేదు.

సుబేదారు గారు సెలవు మీద వచ్చిన ప్రతి జవానునూ ‘మీ ఇంట్లో కవరు విప్పేదెవర్రా?’ అని అడిగేవారు. నాన్న అంటే, నాన్నకు కళ్లజోడు ఉందా అనేవారు. అన్నయ్య అంటే ఒప్పుకునేవారు కాదు. పొలం పంపకాలు కాని ఇంట్లో అన్న చేతికి నోటీసు వస్తే అది ఎరువుల బిల్లుల మధ్యకు పోతుందని ఆయన అనుభవం. వీలైతే భార్య పేరు, కాకపోతే పెళ్లయిన అక్క పేరు బ్యాంకులో రెండో చిరునామాగా రాయించేవారు. నేను నవ్వితే, ‘నీకు చట్టం తెలుసు, నాకు ఇళ్లు తెలుసు లాయరు గారూ’ అనేవారు.

జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం వారు ఈ సభలో ఉన్నారు కనక ఒక మాట అడుగుతాను. సైనికుడిపై దావా గాని, చెక్కు కేసు గాని, ఆర్బిట్రేషన్ గాని మొదలుపెట్టే ముందు అతను సర్వీసులో ఉన్నాడో లేడో తెలుసుకునే ఏర్పాటు మన దగ్గర లేదు. అమెరికాలోలా వెబ్‌సైటు ఢిల్లీ పెట్టాలి, అది మన చేతుల్లో లేదు. ఈలోగా, మీ దగ్గరున్న రికార్డుల ఆధారంగా, అడిగిన సైనిక కుటుంబానికి ‘సర్వీసులో ఉన్నాడు’ అని ఒక ధ్రువపత్రం అదే రోజున ఇస్తే, దాన్ని పట్టుకెళ్లి కోర్టులో పెట్టి, 1925 చట్టం కింద వాయిదా అడిగే పని మా బార్‌లో ఇద్దరు ముగ్గురం ఫీజు లేకుండా చేస్తాం. కలెక్టరు గారి అధికారం గురించి చట్టంలో ఉన్న సెక్షన్‌ను గుర్తుచేస్తూ ఒక వినతిపత్రం రాసి తెచ్చాను, సంతకాల కోసం గుమ్మం దగ్గర బల్ల మీద ఉంది.

ఆహ్వానపత్రికలో రాసినట్టు నోటీసులు, ఆర్బిట్రేషన్ కాగితాలు వెంట తెచ్చుకున్నవాళ్లు టిఫిన్ అయ్యాక ఎడమ పక్క గదిలోకి రండి. కవర్లు పారేయకుండా తెచ్చుకోండి, ముద్ర చూడాలి. తలుపు వేసే ఉంటుంది.